తూము తిప్పే అధికారం ఊరికి ఇవ్వండి

అర్ధరాత్రి వాన దంచికొడుతుంటే చెరువు కట్టకు బుంగ పడిందనుకోండి. ఎవరికి ఫోన్ చేయాలి? తెలంగాణలో ఏ ఊళ్లోనైనా నలుగుర్ని అడిగి చూడండి. ఒకరు సర్పంచి అంటారు, ఒకరు సాగునీటి శాఖ ఏఈ సారు అంటారు, మరొకరు పోలీసులకు చెబుదామంటారు. చివరికి అందరూ కలిసి ఫోన్ చేసేది మాత్రం జేసీబీ ఉన్నాయనకు. డీజిల్ పైసలు ఎవరిస్తారని ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే మనిషి ఊళ్లో ఉండడు. తెల్లారేదాకా ఆగితే గండి పడుతుంది, ఆగకపోతే ఖర్చు ఎవరి మీద పడుతుందో తెలియదు.

నేను ప్రభుత్వంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హుస్నాబాద్ వైపు మా ఊరి చెరువు కింద, ఆయకట్టు చివరన రెండెకరాల వరి చేసుకుంటున్నాను. చేతిలో కొలతలు రాసే ఎం-బుక్కుతో కట్టలు కొలిచిన రోజులున్నాయి, నా మడికి నీళ్లు ఎక్కడ ఆగిపోయాయోనని పార పట్టుకుని కాల్వ వెంట నడుస్తున్న రోజులున్నాయి. పల్లెలు బాగుపడాలంటే సర్కారు, జనం కలిసి పనిచేయాలని చెప్పని నాయకుడు లేడు, అలా రాసుకోని పథకం లేదు. ఆ కలయిక కొబ్బరికాయ కొట్టే రోజు దాకా బాగానే ఉంటుంది. పని అయిపోయాక ఆ చెరువు ఎవరి చేతిలో ఉండాలన్న సంగతి ఏ జీవోలోనూ తేలదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. ఊరికి బాధ్యత అప్పగిస్తే, దాంతోపాటు అధికారమూ, ఏటా తప్పకుండా వచ్చే కొంత డబ్బూ అప్పగించాలి. బాధ్యత ఒక్కటే ఇచ్చి మిగతా రెండూ దగ్గర పెట్టుకునే పద్ధతితో ఇన్నేళ్లలో నిలబడ్డది ఏదీ లేదు.

చెరువు సంగతినే తీసుకుందాం. మా నాయన కాలంలో దీన్ని చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. తూము తీసేది, మూసేది, ఏ కాల్వకు ఎన్ని జాములు నీళ్లు వదలాలో చూసేది ఆయనే. వానల్లో కట్ట మీదే పడుకునేవాడు. బుంగ చిన్నగా ఉన్నప్పుడే కనిపెట్టి ఊరిని లేపేవాడు. ఇంటికొకరు కదలాలని చాటింపు వేస్తే కదలాల్సిందే. పంట ఇంటికొచ్చాక ఎకరానికి ఇంత అని వడ్లు కొలిచేవాళ్లు. అంటే ఆయనకు జీతమిచ్చేది ఆయకట్టు. అందుకే ఆయన జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయకట్టుకే.

ఆ రోజులు బంగారం అని నేననను. నీరటి పని చాలా ఊళ్లలో దళిత కుటుంబాల మెడకు వంశపారంపర్యంగా చుట్టుకున్న చాకిరీ. కట్ట కాపాడిన మనిషి అరుగు మీద కూర్చునే వీల్లేదు. దొర పొలానికి నీళ్లు ముందు పారాల్సిందే, ఎదురుచెప్పే నోరు నీరటికి లేదు. ఆ వెట్టి పోవాల్సిందే, పోయింది. అయితే వెట్టి పోయినప్పుడు ఆ పని కూడా పోయింది. నీరటులు మొదట గ్రామ సేవకుల్లో కలిసిపోయారు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్‌ఏలు) అయ్యారు. 2023లో వీఆర్‌ఏలను వేరు వేరు శాఖల్లో సర్దారు. వాళ్లకు పే స్కేలు రావడం న్యాయమే. మరి చెరువు కట్ట మీద తిరిగేదెవరని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా తూము షట్టరును పైన పొలమున్న వాళ్లు వాళ్లకు వీలున్నప్పుడు తిప్పుతున్నారు. నాలాంటి కింది రైతుకు నీళ్లొచ్చేసరికి నారు ముదురుతుంది.

ఇక సర్కారు చేసిన పని చూద్దాం. 2015 మార్చిలో సదాశివనగర్ పాత చెరువు దగ్గర మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు. ఏటా అయిదో వంతు చొప్పున అయిదేళ్లలో బాగుచేయాలన్నది సంకల్పం. ఆ పథకంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు పూడిక మట్టిది. తవ్వి ట్రాక్టర్లో పోసే ఖర్చు సర్కారుది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. ఎవరినీ బతిమాలలేదు, ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు. ఆ మట్టి వేస్తే ఎరువు ఖర్చు తగ్గుతుందని రైతుకు తెలుసు. ఎండాకాలం రాత్రిళ్లు కూడా ట్రాక్టర్లు వరస కట్టాయి. ఏ ఉపన్యాసమూ చేయని పని ఆ లెక్క చేసింది. ఇద్దరికీ లాభం ఉన్నచోట, ఎవరి వంతు ఏమిటో ముందే తేల్చిన చోట, జనం పిలవకుండానే వస్తారు.

మిగతా పనిలో ఆ స్పష్టత లేదు. ఒక ఊళ్లో పని మొదలైన రోజుల్లో ఓ పెద్దావిడ నన్ను కట్ట వెనక తన మడిలోకి తీసుకెళ్లింది. ఏప్రిల్‌లో కూడా అక్కడ నేల చెమ్మగా ఉంది, తుంగ పెరుగుతోంది. "బిడ్డా, నీళ్లు తూము పక్కనుంచి పోతున్నయ్. మీరేమో కట్ట మీద మట్టి పోస్తున్నరు" అంది. ఎస్టిమేట్‌లో మట్టి పనే ఎక్కువ. మట్టి అయితే కొలవడం తేలిక, ఘనపు మీటర్లలో బిల్లు రాయడం తేలిక. పాత తూము గూడు విప్పి కట్టడం కష్టం, కాంట్రాక్టరుకు అందులో మిగిలేదీ తక్కువే. ఆ పని చూస్తున్న ఏఈ కుర్రాడు మంచివాడు. మర్నాడు వచ్చి చెమ్మ చూసి, రివైజ్డ్ ఎస్టిమేట్ పెట్టించి తూము బాగుచేయించాడు. ఆవిడ మాట వినడం ఆయన మంచితనం. కానీ వినాలన్న నియమం ఎక్కడా లేదు. మంచివాడు బదిలీ అయితే ఆ మంచితనమూ బదిలీ అవుతుంది.

ఎస్టిమేట్ ఇంగ్లిషులో ఉంటుంది. టెండరు అంచనా కన్నా ఎంత తక్కువకు, అంటే ఎంత 'లెస్'కు పోయిందో కాంట్రాక్టరుకు తెలుసు, ఆఫీసుకు తెలుసు. ఆ లెస్ వల్ల ఏ పని పలచబడుతుందో ఊరికి తెలియదు. ఫైనల్ బిల్లు మీద ఆయకట్టు రైతు సంతకం అక్కర్లేదు. కాంట్రాక్టరు బాధ్యత గడువు తీరాక కట్ట మీద తుమ్మలు మళ్లీ మొలుస్తాయి, వాటి వేళ్లు కట్టలోకి దిగుతాయి, చెరువులో గుర్రపుడెక్క పరుచుకుంటుంది, షట్టరుకు గ్రీజు పెట్టే దిక్కుండదు. ఏటా కొద్దిపాటి ఖర్చుతో పోయే రోగానికి మళ్లీ పదేళ్లకో పథకం కోసం ఎదురుచూస్తాం.

2020 చివర్లో సాగునీటి శాఖను పునర్వ్యవస్థీకరించినప్పుడు, అత్యవసర మరమ్మతులకు ఇంజనీర్లే సొంతంగా ఖర్చు మంజూరు చేసుకునే వీలు కల్పించారు. మంచి మార్పు. హైదరాబాద్‌కు ఫైలు వెళ్లి వచ్చే బాధ తప్పింది. అయితే ఆ అధికారం కిందకు దిగుతూ దిగుతూ ఇంజనీరు దగ్గరే ఆగింది. ఒక్కో ఇంజనీరు కింద ఎన్ని చెరువులుంటాయో, కుండపోత రాత్రి ఆయన ఎన్ని కట్టల మీద ఉండగలడో మీరే ఆలోచించండి.

ఊరికి అధికారం అప్పగించడం కొత్త ఆలోచనేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే సాగునీటి వ్యవస్థల యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేసింది. పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు పెట్టింది. నీటి తీరువాను పెంచి, అందులో వాటా సంఘాలకే తిరిగి ఇస్తామంది. మొదటి రెండు మూడేళ్లు కాల్వల్లో పూడిక తీశారు, చివరి భూములకు నీళ్లు వెళ్లాయి. అప్పట్లో దేశమంతా ఈ చట్టం గురించి చెప్పుకుంది.

తర్వాత ఎందుకు వాడిపోయింది? నేను చూసినంతలో కారణాలు ఇవి. సంఘానికి పనులిచ్చారు, నీళ్ల మీద నిర్ణయం ఇవ్వలేదు. పనులు వచ్చినచోట అధ్యక్షుడే కాంట్రాక్టరయ్యాడు. పనులు ఆగిన ఏడాది సంఘం నిద్రపోయింది. తీరువాలో వాటా సమయానికి చేతికందలేదు. ఇంకో లోపం చట్టం లోపలే ఉంది. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే. పట్టా చాలావరకు మగవాడి పేరునే ఉంటుంది కాబట్టి, రోజంతా నాట్లేసి కలుపు తీసి, నీళ్లు ఏ గట్టు దగ్గర తెగుతాయో ఎరిగిన ఆడవాళ్లలో చాలామంది ఓటర్ల జాబితాలోనే లేరు. చేపల మీద బతికే గంగపుత్రులు, ముదిరాజులు, బట్టలుతికే రజకులు, గొర్లకు నీళ్లు తాపే గొల్లకురుమలు పక్కన నిలబడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో సాగునీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడ ఆ ఊసే లేదు.

సర్కారు, జనం కలిసి నిలబెట్టినవి మన దగ్గర లేవా అంటే ఉన్నాయి. మాకు దగ్గర్లోనే ముల్కనూరు ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి చొరవతో మొదలైన సహకార సంఘం అది. రైతుకు అప్పు, ఎరువు, విత్తనం ఇవ్వడంతో ఆగలేదు, రైతు చేత విత్తనం పండించి, శుద్ధి చేసి అమ్మింది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు తర్వాత సొంతంగా మహిళా డెయిరీ నిలబెట్టుకున్నారు. ఇక్కడ సర్కారు చేసిన మేలేమిటి? 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తేవడం. సర్కారు వాటా ధనం తీసుకోని సంఘాల్లో సర్కారు తలదూర్చకూడదన్నది దాని సారం. సభ్యుల డబ్బు, సభ్యుల ఓటు, సభ్యుల నష్టం. ఒక్కోసారి ప్రభుత్వం చేయగల పెద్ద సాయం ఒక మంచి చట్టం చేసి పక్కకు జరగడమే.

ఇంకో ఉదాహరణ భూగర్భ జలాలది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాలను లెక్కగట్టుకునే కార్యక్రమం 2003 తర్వాత కొన్నేళ్లు నడిచింది. రైతులకు పైసా సబ్సిడీ ఇవ్వలేదు. వాన కొలిచే పరికరం ఇచ్చారు, బోర్లలో నీటి మట్టం కొలవడం నేర్పారు. ఆ అంకెలు ఊరి గోడ మీద రాశారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, మనం వేయాలనుకుంటున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్లముందు కనపడ్డాక చాలామంది తామే ఆరుతడి పంటలకు మళ్లారు. ఆఫీసుల్లో ఫైళ్లలో ఉండే అంకె ఊరి చేతికి వస్తే ఏమవుతుందో చూపించిన పని అది. మా చెరువుకు ఇప్పటికీ ఒక నీటి మట్టం స్కేలు లేదు. ఉంటే, మేం సంక్రాంతికి ముందే ఎన్ని ఎకరాలకు నీళ్లు సరిపోతాయో తేల్చుకుని నారు పోసుకునేవాళ్లం.

మూడోది మా ఇంట్లోనే చూస్తున్నాను. మా ఇంటావిడ మహిళా సంఘం సభ్యురాలు. వాళ్ల గ్రామ సంఘం వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతుంది. సర్కారు తరఫున కొనేది వాళ్లు, అందుకు సంఘానికి కమీషను వస్తుంది. ఈ కేంద్రం (ఐకేపీ సెంటరు) రాకముందు మా ఊరి వడ్లు కల్లంలోనే అడ్తీదారు చెప్పిన ధరకు పోయేవి. ఇప్పుడు మద్దతు ధర అంటే ఏమిటో ఎకరం రైతుకూ తెలుసు. తేమ మీటరు చదవడం, ట్రక్ షీట్ రాయడం, ట్యాబ్‌లో రైతు వివరాలు ఎక్కించడం పదో తరగతి దాటని ఆడవాళ్లు నేర్చుకున్నారు. తేమ 17 శాతం దాటితే పెద్ద రైతు కుప్పనైనా ఆరబెట్టమని తిప్పి పంపిస్తారు. గ్రామీణ తెలంగాణలో ఒక పేద మహిళ పెద్ద రైతుకు 'కాదు' అని చెప్పగలుగుతున్న చోటు ఇది. దీన్ని తక్కువ చేసి చూడొద్దు.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. తూకం అయ్యాక లారీ రావాలి. లారీ వాళ్ల చేతిలో లేదు. గన్నీ సంచులు వాళ్ల చేతిలో లేవు. మిల్లులో దించుకునేటప్పుడు తరుగు పేరుతో బస్తాకు ఎంత కోస్తారన్నది వాళ్ల చేతిలో లేదు. అకాల వాన పడి కుప్పలు తడిస్తే రైతు మాత్రం మా ఇంటావిడనే నిలదీస్తాడు. ఫోన్ చేస్తే లారీ పంపాల్సినవాళ్లు ఎత్తరు. బాధ్యత సంఘానిది, అధికారం ఇంకెక్కడో. అదే సంఘానికి, ఇన్ని గంటల్లో లారీ రాకపోతే వేరే బండి పెట్టుకుని ఆ కిరాయిని కాంట్రాక్టరు బిల్లులోంచి కోయించే హక్కు ఇచ్చి చూడండి. చెరువుకూ, వడ్ల కుప్పకూ జబ్బు ఒకటే, మందూ ఒకటే.

ఇదంతా చదివి, ఊరికి అన్నీ అప్పగిస్తే అంతా బాగుంటుందని నేననుకుంటున్నానని భ్రమపడకండి. ఊరంటే నాకు ప్రేమ ఉంది, గుడ్డి నమ్మకం లేదు. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు చేసిన పనులు చూడండి. సొంతంగా నిధులు కూడగట్టి ఊళ్లకు సౌకర్యాలు సమకూర్చాయి. పట్టుదలలో వాళ్లకు సాటి లేదు. కానీ ఆ కమిటీలకు చట్టబద్ధత లేదు, ఆడిట్ లేదు. కొన్ని ఊళ్లలో తమ మాట వినని కుటుంబాలను, కులాలను సాంఘికంగా బహిష్కరించి పోలీసు కేసుల దాకా వెళ్లాయి. చట్టం అండ లేని కమిటీ చేతిలో పెత్తనం పడితే అది మరో దొరతనం.

చెరువు దగ్గరా అంతే. ఆయకట్టు రైతు నీళ్లు వదలమంటాడు, మత్స్య సంఘం ఎండాకాలం దాకా నిలపమంటుంది. సర్కారు ఏటా ఉచితంగా వదిలే చేప పిల్లలు పెరగాలంటే అడుగున నీళ్లు ఉండాలి కదా. ఇద్దరి మాటా న్యాయమే. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో దున్నుకుంటున్నవాడు చెరువు నిండకూడదని కోరుకుంటాడు. వాడు పేదవాడైతే ఒక రకం, ఫంక్షన్ హాల్ కట్టినవాడైతే ఇంకో రకం. ఈ తగాదాలను ఊరు ఒక్కటే తేల్చలేదు. చెరువు నిండు మట్టం (ఎఫ్‌టీఎల్) సర్వే చేసి రాళ్లు పాతడం, ఆక్రమణ తొలగించడం, మత్తడి ఎత్తు లెక్కగట్టడం, లెక్కలు ఆడిట్ చేయడం సర్కారు చేయాల్సిన పనులు. అవి వదిలేసి ఊరి మీదకు నెట్టడాన్ని స్వపరిపాలన అనలేం.

ఇంకో సంగతి. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి నీళ్లే కింది చెరువుకు ఆధారం. పైది తెగితే కిందివీ తెగుతాయి. 2023 జులై వానల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరద నీళ్లకు రైలు పట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. వాగుకు పంచాయతీ సరిహద్దులు తెలియవు. ఒక ఊరు తన కట్టను ఎంత బాగా చూసుకున్నా, పై ఊరితో మాట్లాడుకోకపోతే ఫలితం లేదు. అందుకే ప్రాంతం మొత్తం బాగుపడాలంటే చెరువుకో కమిటీ చాలదు. ఒకే వాగు మీదున్న చెరువుల కమిటీలన్నీ వానాకాలానికి ముందు ఒకసారి, యాసంగికి ముందు ఒకసారి కూర్చోవాలి. ఆ సమావేశానికి ఇంజనీరు రావాలి, వినడానికి కూడా రావాలి.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. మొదటిది, చెరువుకో కాపలాదారు. పేరు ఏదైనా పెట్టుకోండి. కులంతో పని లేదు, ఆడవాళ్లయినా సరే. నియమించేది చెరువు కమిటీ, తీసేసేదీ కమిటీయే. జీతంలో సగం ఆయకట్టు, సగం సర్కారు భరించాలి.

రెండోది డబ్బు. ఈ మాట రాసినందుకు మా ఊళ్లోనే నన్ను తిట్టేవాళ్లుంటారు. తెలంగాణలో ఇప్పుడు నీటి తీరువా వసూలు లేదు. నేనంటున్నాను, తీరువా కట్టాలి. సర్కారు ఖజానాకు కాదు, చెరువు ఖాతాకు. పంటకు ఎకరాకు 200 రూపాయలు. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు, దానికన్నా తక్కువ. రైతు భరోసా కింద సీజనుకు ఎకరానికి 6,000 అని సర్కారు ప్రకటించింది, దాని పక్కన ఇదెంత? మా చెరువు కింద నూటయాభై ఎకరాలు. రెండు పంటలకు 60,000 వస్తుంది. అంతే మొత్తం సర్కారు కలిపితే లక్షా ఇరవై వేలు. కాపలాదారుకు నెలకు 6,000 చొప్పున 72,000 పోతే ఇంకా 48,000 మిగులుతుంది. తుమ్మలు కొట్టించడానికి, షట్టరు గ్రీజుకు, ఇసుక బస్తాలకు, జేసీబీ డీజిల్‌కు అది చాలు. ఉచితంగా వచ్చిన నీళ్ల గురించి నిలదీసే హక్కు మనకు ఉండదు. పైసలు కట్టిన రైతు లెక్క అడుగుతాడు, లెక్క అడిగేవాడున్న చోట అధ్యక్షుడు కాంట్రాక్టరుగా మారలేడు.

మూడోది, కమిటీలో ఎవరుండాలన్నది. పట్టా ఉన్నవాళ్లే కాదు, కౌలుకు చేసేవాళ్లూ. సగం ఆడవాళ్లు. మత్స్య సంఘానికి, రజకులకు, గొర్లకాపరులకు, భూమి లేని కూలీలకు సీట్లు, ఆ సీట్లకు ఓటు. ఆయకట్టు చివరి రైతు ఒకరు తప్పనిసరి. ఇది నా స్వార్థం కూడా, ఒప్పుకుంటాను. కానీ చివరి మడికి నీళ్లు చేరాయంటే మధ్యలో అందరికీ చేరినట్టే.

నాలుగోది, ఎస్టిమేట్ తెలుగులో గ్రామసభలో చదవాలి. ఫైనల్ బిల్లుకు ముందు కమిటీ సంతకం ఉండాలి. సంతకం పెట్టనంటే కారణం రాసే కాలమ్ ఉండాలి. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టి, మస్టర్లు ఊరి ముందు చదివించిన రాష్ట్రం మనది. 2006 నుంచి మనం మొదలుపెట్టిన ఆ పద్ధతిని చూడటానికి వేరే రాష్ట్రాల వాళ్లు వచ్చారు. కూలీ మస్టరు నలుగురిలో చదవగలిగినప్పుడు కాంట్రాక్టరు ఎం-బుక్కు ఎందుకు చదవకూడదు?

కమిటీ పెడితే ఊళ్లో రాజకీయం చొరబడుతుందని అధికారులు భయపెడతారు. చొరబడుతుంది. ఇప్పుడు మాత్రం లేదా? టెండరులో ఉన్నది ఏమిటి? పంచాయతీ ఎన్నికల్లో ఉన్నది ఏమిటి? రాజకీయం నలుగురి ముందు, మినిట్స్ పుస్తకంలో జరిగితే దాన్ని ఎదిరించవచ్చు. ఎమ్మెల్యే దగ్గరి మనిషి ఇంట్లో జరిగితే ఎదిరించే చోటే దొరకదు. ఊళ్లకు సామర్థ్యం లేదని ఇంకొందరంటారు. వడ్లు తూచి, కోట్ల రూపాయల ట్రక్ షీట్లు రాస్తున్న ఆడవాళ్లున్న రాష్ట్రంలో ఆ మాట నోటికెలా వస్తుందో నాకు అర్థం కాదు.

చట్టం లేదని ఎవరూ తప్పించుకోవద్దు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా ఇచ్చింది. అందులో మూడోదే చిన్నతరహా సాగునీరు, నీటి యాజమాన్యం. అది అమల్లోకి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. 1997 చట్టం ఉంది, దానికి కావాల్సింది పైన చెప్పిన సవరణలే. కొత్త పథకం పేరు, కొత్త లోగో, ప్రారంభోత్సవం మాకు అక్కర్లేదు.

రాష్ట్రమంతా ఒకేసారి చేయమనీ అడగను. ఒక్క వాగు ఎంచుకోండి. దాని మీదున్న చెరువులన్నిటికీ ఈ వానాకాలం ముందే కమిటీలు వేయించండి, స్కేళ్లు పాతించండి, సర్కారు వాటా ఖాతాలో వేయండి, తూము ఎవరు తిప్పాలో రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు యాసంగులు గడిచాక చివరి మడుల్లో పంట కోసి చూడండి. పండకపోతే అధికారాన్ని వెనక్కి తీసుకోండి, నేనే వచ్చి సంతకం పెడతాను. పండితే మాత్రం ఆ వాగు దగ్గర ఆగకండి.